పునాది గుంజలును, వానిని దిగగొట్టు యంత్రములును

గొప్ప కట్టడమును చూడబోవువారు గోపురమును మెచ్చుకొందురు, కమానులను మెచ్చుకొందురు, చెక్కడపు పనిని మెచ్చుకొందురు. ఆ భారమంతయు మోయుచున్న భాగమును మాత్రము ఎవరును చూడజాలరు. అది నేలలో పూడియున్నది. గట్టినేల దగ్గరగా దొరికినచోట పునాది వేయుట కష్టము కాదు. కందకము త్రవ్వి, అడుగు చదును చేసి, రాళ్లు పేర్చి సున్నముతో కట్టుదురు. కాని లోకములోని పట్టణములు అనేకములు నదీముఖములయందును, రేవులయందును, ఏటిగట్ల మీదను పెరిగినవి. అచ్చట పైన బురదయు, ఇసుకయు, మెత్తని బంకమన్నును ఉండును. గట్టినేల ముప్పది నలువది అడుగుల లోతున నుండును. అంత లోతు త్రవ్వబోయినయెడల నీరు ఊరి గోడలు విరిగిపడును. ఇట్టి చోట్లకు మనుష్యులు మిక్కిలి ప్రాచీనకాలముననే ఒక ఉపాయము కనిపెట్టిరి. నేలను త్రవ్వి తీయుటకు మారుగా, పొడవైన చెట్టు మ్రానును మొనచేసి నిలువుగా నేలలోనికి దిగగొట్టిరి. అట్టి మ్రానును మేము ఈ వ్యాసమునందు గుంజ యందుము. ఇంజనీర్లు దానిని పైలు అందురు.

గుంజ బరువును రెండు విధములుగా మోయును. దాని మొన రాతిమీదనో గట్టినేలమీదనో ఆనినయెడల అది స్తంభమువలె నిలిచి పైభారమును క్రిందికి అందించును. గట్టినేల అందనిచోట దాని ప్రక్కలను చుట్టియున్న మన్ను దానిని పట్టుకొని నిలుపును. కొయ్యలో దిగిన మేకును ఊడబెరుకుట ఎంత కష్టమో విద్యార్థులందరు ఎరుగుదురు. మేకును పట్టుకొనియున్నది కొయ్యయొక్క రాపిడియే. గుంజను పట్టుకొనియున్నదియు మన్నుయొక్క రాపిడియే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. గుంజ నేలలోనికి పోయిన తరువాత దాని మొన ఎచ్చట నున్నదో, దేనిమీద ఆనినదో కన్నులతో చూచినవారు లేరు. మరి దానిమీద పది టన్నుల బరువు పెట్టవచ్చునని ఏ ధైర్యముతో చెప్పుదురు? దీనికి సమాధానము గుంజను కొట్టు యంత్రమునందే కలదు. గుంజను దింపు సమ్మెటయే గుంజ బలమును తూచు త్రాసు. ప్రతి దెబ్బయు నేలను అడుగు ప్రశ్న. ఆ దెబ్బకు గుంజ దిగిన అంగుళములే నేల చెప్పు జవాబు. ఆ ప్రశ్న సరిగా అడుగుటకును, ఆ జవాబును మోసపోకుండ వినుటకును మనుష్యులు రెండువేల యేండ్లుగా పడిన ప్రయాసమే ఈ యంత్రముల చరిత్ర.

క్రీ. పూ. 55వ సంవత్సరమున జూలియస్ సీజరు రైను నదిమీద కట్టించిన కొయ్య వంతెన ఈ చరిత్రలో ప్రసిద్ధమైనది. ఒకటిన్నర అడుగు మందముగల మ్రానులను మొనచేయించి, నది లోతునుబట్టి పొడవు కత్తిరించి, జంటలుగా నీటిలో దించి, దిమ్మిసలతో కొట్టించితినని అతడే వ్రాసెను. ఆ గుంజలు నిట్టనిలువుగా గాక ఏటవాలుగా నాటబడినవి. కొయ్యలు తెచ్చుట మొదలు పెట్టిన పదిదినములలో వంతెన ముగిసినది. సేన నది దాటి పదునెనిమిది దినములు ఆవలనుండి తిరిగివచ్చిన పిమ్మట సీజరు దానిని కూల్పించెను. అదే శతాబ్దమువాడైన విట్రూవియసు అను రోమా శిల్పి, బురదనేలలో కట్టువారు కాల్చి గట్టిపరచిన గుంజలను యంత్రములతో దగ్గర దగ్గరగా దిగగొట్టి, నడిమి సందులను బొగ్గులతో నింపవలెనని తన గ్రంథములో బోధించెను.

ఇటలీలోని వెనిసు పట్టణము కొయ్య గుంజలమీదనే నిలిచియున్నది. 1588 మొదలు 1591 వరకు కట్టబడిన అచ్చటి రియాల్టో వంతెన ఒక్కటే కమానుగల రాతి వంతెన. దాని రెండు కొనల క్రింద సుమారు 12,000 గుంజలున్నవి. హాలెండు దేశములోని ఆమ్‌స్టర్‌డాము పట్టణమునందు 1648లో కట్టుట ఆరంభించిన పురమందిరము, అనగా ఇప్పటి రాజభవనము, 13,659 గుంజలమీద నున్నది. అచ్చటి పిల్లలు ఈ లెక్కను సులభముగా జ్ఞాపకముంచుకొందురు. సంవత్సరములోని దినములసంఖ్య 365. దానికి ముందు 1, వెనుక 9 చేర్చినయెడల 13,659 అగును.

కొయ్య నీటిలో మురిగిపోదా యని కొందరడుగవచ్చును. కొయ్యను కుళ్లజేయు సూక్ష్మజీవులలో ముఖ్యమైనవానికి తడియు గాలియు రెండును కావలెను. ఎల్లప్పుడు నీటి మట్టమునకు క్రింద, బురదలో పూడియున్న గుంజకు గాలి తగులదు గనుక అది శతాబ్దములు నిలుచును. వెనిసులోని సెయింట్ మార్కు గంటస్తంభము 1902లో కూలినప్పుడు దాని క్రింది ప్రాచీన గుంజలను పరీక్షించి చూడగా అవి గట్టిగానే యుండెను. నీటి మట్టము తగ్గి గుంజ తల గాలికి తేలినప్పుడే అసలు అపాయము.

ఆ కాలమున గుంజలను కొట్టిన సాధనము మిక్కిలి సామాన్యమైనది. ఎత్తైన కొయ్య చట్రము, దాని తలయందొక గిలక, గిలకమీదుగా పోవు మోకు, మోకు ఒక కొనను వ్రేలాడు బరువైన దిమ్మ. రెండవ కొన అనేకమైన చిన్న త్రాళ్లుగా చీలియుండును. ఒక్కొక్క త్రాటిని ఒక్కొక్క మనుష్యుడు పట్టుకొనును. అందరు ఒక్కసారి లాగి దిమ్మను మూడు నాలుగు అడుగులు లేపి, ఒక్కసారి వదలుదురు. చేతులన్నియు ఒక్క క్షణమున కదలవలెను గదా! అందుచేత హాలెండు దేశపు పనివారు పాటపాడుచు లాగుచుండిరి. మన రేవులలో పడవలు లాగువారి ఐలెస్సా పాట ఎట్టిదో అదియు నట్టిదే. ఒక్కొక్కనికి సుమారు 40 పౌనుల బరువు వంతునకు వచ్చుచుండెను. కాబట్టి 800 పౌనుల దిమ్మకు ఇరువదిమంది కావలెను. కొన్ని దెబ్బలు కొట్టుటయు, అలసి ఆగుటయు, మరల కొట్టుటయు. ఈ విధముగా పని సాగుచుండెను. మనుష్యుల సంఖ్యను పెంచినకొలది అందరు కలిసి వదలుట కష్టమగును గనుక దిమ్మ బరువునకును ఒక హద్దు ఏర్పడెను.

ఆ హద్దును దాటుటకు పట్టుకారు తోడ్పడినది. మోకు కొనను ఇనుప పట్టుకారు కట్టి, దానితో దిమ్మను పట్టించి, రాట్నముతో మెల్లగా ఎంత ఎత్తుకైనను లేపుదురు. చట్రముయొక్క తలయందు ఇరుకైన సందు ఉండును. పట్టుకారు పిడులు ఆ సందులో దూరగానే నొక్కుకొని దాని నోరు తెరచుకొనును. దిమ్మ స్వేచ్ఛగా పడును. లండను నగరములో వెస్ట్‌మినిస్టరు వంతెన పని 1739లో ఆరంభమైనది. దానికొరకు జేమ్సు వాలూయే అను గడియారముల పనివాడు ఇట్టి యంత్రమునొకదానిని కల్పించెను. గుఱ్ఱములు చుట్టు తిరుగుచు దిమ్మను లేపును. దిమ్మ విడిపడగానే బరువు హఠాత్తుగా తగ్గి గుఱ్ఱములు ముందునకు తూలి పడవలసియుండగా, దానిని వారించుటకు అతడు యంత్రమునకొక వేగచక్రమును తగిలించెను. దిమ్మ పడిన వెంటనే పట్టుకారు తానే దిగివచ్చి దానిని మరల పట్టుకొనునట్లు చేసెను.

ఇందులో వింత యేమనగా, ఆ వంతెనను కట్టించిన లాబెలీ అను ఇంజనీరు ఆ గుంజలను వంతెన స్తంభముల క్రింద వేయలేదు. కట్టుచోటును పడవలు తాకకుండ కాపాడుటకు మాత్రము వాడెను. స్తంభములను పెద్ద కొయ్య పెట్టెలలో కట్టి, చదునుచేసిన నది అడుగుమీద కూర్చుండబెట్టెను. 1747లో ఒక స్తంభము క్రుంగెను. దానిమీది కమానులను విప్పి మరల కట్టవలసివచ్చెను. వంతెన 1750లో గాని ప్రజలకు తెరువబడలేదు. క్రింది నేలను దెబ్బకొట్టి అడిగియుండనందున, అది తానే చెప్పు వరకు దాని బలహీనత తెలియలేదు.

ఇప్పుడు యంత్రశాస్త్రమును కొంచెము విచారింతము. బరువును ఎత్తుతో గుణించిన వచ్చునది దెబ్బలోని పని. ఒక టన్ను సమ్మెట 12 అడుగులు పడినను, 4 టన్నుల సమ్మెట 3 అడుగులు పడినను, పని 12 అడుగుటన్నులే. అట్లయిన రెండు దెబ్బలును సమానమేనా? కావు. గుంజ బరువు ఒక టన్ను అనుకొందము. మొదటి సమ్మెట తలను తాకునప్పుడు దాని వేగము సెకనుకు సుమారు 28 అడుగులు. రెండవదాని వేగము అందులో సగము, సుమారు 14 అడుగులు. సమ్మెటయు గుంజయు కలిసి కదలునప్పుడు ద్రవ్యవేగము మారదను సూత్రమును మన పై తరగతుల విద్యార్థులు చదివియున్నారు. దానిని ప్రయోగించి చూడుడు. ఒక టన్ను సమ్మెట తన బరువంత గుంజను కదల్పవలెను గనుక వేగము సగమై, 12 అడుగుటన్నులలో 6 మాత్రమే గుంజను దింపుటకు మిగులును. నాలుగు టన్నుల సమ్మెట వేగములో అయిదింట నాలుగు పాళ్లు నిలుచును, 12లో 9.6 అడుగుటన్నులు మిగులును. మిగిలినది ఏమైనది? గుంజ తలను నలుగగొట్టుటకును, వేడిమి పుట్టించుటకును ఖర్చైనది. తేలికైన సమ్మెట అధికవేగముతో కొట్టునది తుపాకిగుండు దెబ్బవంటిది, తగిలినచోటును పాడుచేయును. బరువైన సమ్మెట మెల్లగా కొట్టునది త్రోపువంటిది. క్రింది మొనవరకు పోవును.

దీనిని పాఠశాల తోటలో పెద్దల సమక్షమున పరీక్షింపవచ్చును. ఒకే కొలతగల రెండు కర్ర గుంజలను మెత్తని నేలలో నిలుపుడు. గుంజతో సమానమైన బరువుగల రాయి నొకటియు, దానికి నాలుగింతల బరువుగల రాయి నొకటియు తీసికొనుడు. మొదటిదానిని నాలుగు అడుగుల ఎత్తునుండి ఒక గుంజమీదను, రెండవదానిని ఒక అడుగు ఎత్తునుండి రెండవ గుంజమీదను అన్నే దెబ్బలు వేయుడు. దిగిన అంగుళములను కొలిచి, రెండు తలలను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు.

ఈ తత్త్వమును గొప్పగా పనిలో పెట్టినవాడు జేమ్సు నాస్మిత్ అను స్కాట్లండు దేశపు యంత్రశిల్పి. అతడు 1839లో ఆవిరి సమ్మెటను కాగితముమీద గీసి, 1842లో దానికి పేటెంటు పొంది, పిమ్మట గుంజలు దింపుటకు దానిని మార్చెను. అతని యంత్రము గుంజ తలమీదనే కూర్చుండును. గుంజ దిగినకొలది తానును దిగును. సమ్మెట బరువు 4 టన్నులు. అది పడు ఎత్తు సుమారు 3 అడుగులు మాత్రమే. కాని నిమిషమునకు 80 దెబ్బలు. దెబ్బ వెంట దెబ్బ పడుటచేత మన్ను సర్దుకొని గుంజను మరల బిగించుటకు వ్యవధి యుండదు. 1845లో డెవన్‌పోర్టు ఓడరేవున పాత పద్ధతికిని క్రొత్తదానికిని పందెము జరిగినది. రెండును 70 అడుగుల పొడవు, 18 అంగుళముల చదరము గల గుంజలు. నాస్మిత్ యంత్రము తన గుంజను నాలుగున్నర నిమిషములలో దింపెను. పాత యంత్రమునకు పండ్రెండు గంటలు పట్టెను. మరుసటి సంవత్సరము రాబర్టు స్టీఫెన్‌సను న్యూకాసిలులో టైను నదిమీది ఎత్తైన వంతెనకు ఇదే యంత్రమును తెప్పించెను. అచ్చట మొదటి గుంజ నాలుగు నిమిషములలో 32 అడుగులు దిగెను. ఆ వంతెన 1849లో తెరువబడినది, నేటికిని నిలిచియున్నది.

దెబ్బ అడుగు ప్రశ్న ఇట్లు మెరుగుపడినది. ఇక జవాబును వినుట ఎట్లు? ఒక్కొక్క దెబ్బకు గుంజ దిగు కొలతను దిగుడు అందము. మొదట దెబ్బకు అడుగు దిగిన గుంజ, పోను పోను అంగుళము, పిమ్మట అర అంగుళము దిగును. దిగుడు తగ్గుచున్నదనగా నేల ఎదుర్చుచున్నదని అర్థము. సమ్మెట చేసిన పని, నేల ఎదురుశక్తిని దిగుడుతో గుణించినదానికి సమానము కావలెను. ఈ ఆధారముతో ఇంజనీరింగు న్యూస్ అను అమెరికా పత్రిక సంపాదకుడైన ఆర్థర్ వెల్లింగ్టను 1888లో ఒక సులభమైన సూత్రమును ప్రకటించెను. సమ్మెట బరువును అది పడిన అడుగులతో గుణించి, దానిని రెట్టించి, దిగుడు అంగుళములకు ఒకటి చేర్చి భాగింపవలెను. ఒక టన్ను సమ్మెట 6 అడుగులు పడి, దిగుడు ఒక అంగుళమైన, 12ను 2తో భాగించగా 6 టన్నులు ఆ గుంజ మోయదగిన బరువు. లెక్క ప్రకారము వచ్చిన బలములో ఆరవవంతు మాత్రమే నమ్ముట ఈ సూత్రములోని జాగ్రత్త. చేర్చిన ఆ ఒక అంగుళము దారిలో వృథాయగు శక్తికి గుర్తు.

అయితే జవాబు ఒక్కొక్కప్పుడు అబద్ధమగును. కొయ్య గుంజ తల నలిగి నారలు చీపురువలె విచ్చుకొనినయెడల సమ్మెట దెబ్బ ఆ నారలలోనే ఇంకిపోవును. గుంజ కదలదు. పనివారు మొన రాతికి తగిలినదని తలచి ఆపుదురు. నిజముగా అది ఇంకను బురదలోనే యుండును. అందుచేత తెలిసిన పనివాడు తలకు ఇనుప కట్టు బిగించును. మొనకు ఇనుప తొడుగు వేయును. కడపటి దిగుడును కొలుచుటకు ముందు నలిగిన తలను రంపముతో కోసి, క్రొత్త తలమీద కొట్టి చూచును. బరువైన సమ్మెటయు తక్కువ ఎత్తును ఇక్కడ రెండవ మేలు చేయును. తల చెడనందున జవాబు నమ్మదగినదిగా నుండును.

మన్నును మోసపుచ్చునదే. మెత్తని బంకమన్నులో గుంజ దిగుచున్నప్పుడు చుట్టునున్న మన్ను చెదరి పట్టు విడుచును. కొన్ని దినములు ఊరకున్న తరువాత మరల బిగియును. మరికొన్ని నేలలలో ఇందుకు విరుద్ధముగా, మొదట గట్టిగా ఎదిర్చిన గుంజ విశ్రమించిన తరువాత పట్టు సడలును. అందుచేత కొంతకాలము ఆగి గుంజను తిరిగి కొట్టి దిగుడు కొలుచుట అవసరము. ఒక్కదినపు జవాబు చాలదు.

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఇనుప కడ్డీలుగల కాంక్రీటు గుంజలు వచ్చినవి. దీర్ఘమైన గుంజ ఒక్కసారిగా మొత్తము కదలదని వీనివలన స్పష్టమైనది. తలమీది దెబ్బ ఒక అలవలె గుంజలో క్రిందికి పరుగెత్తును. కాంక్రీటులో ఆ అల వేగము సెకనుకు సుమారు 4,000 మీటర్లు గనుక 20 మీటర్ల గుంజలో అది సెకనులో 200వ వంతులో మొనను చేరును. మొన మెత్తని నేలలో నున్నయెడల ఆ అల లాగు అలగా మారి తిరిగివచ్చును. నొక్కుడును ఓర్చుకొను కాంక్రీటు లాగుడును ఓర్వక పగులును. 1960లో ఇ. ఏ. ఎల్. స్మిత్ అను ఇంజనీరు గుంజను చిన్న చిన్న ముక్కలుగా భావించి, ఈ అలను గణనయంత్రముపై లెక్కకట్టు పద్ధతిని ప్రకటించెను. ఇప్పుడు ముఖ్యమైన పనులలో గుంజ తలకు కొలత సాధనములను తగిలించి, తిరిగివచ్చిన అలనుబట్టి నేల బలమును లెక్కింతురు. వెల్లింగ్టను సూత్రము స్థూలమైనదని తేలినను, దాని వెనుకనున్న తలంపు మారలేదు. దెబ్బనుబట్టియే నేలను తెలిసికొనుచున్నాము.

ఆవిరి పోయి డీసిలు నూనెతో పేలుచు ఎగిరిపడు సమ్మెటలును, నూనె ఒత్తిడితో లేచు సమ్మెటలును వచ్చినవి. గుంజను వేగముగా వణికించి మన్ను పట్టును సడలించి దింపు యంత్రములు వచ్చినవి. వీనియందు లెక్కింపదగిన దెబ్బ లేదు గనుక, బరువు మోయవలసిన గుంజను చివరకు సమ్మెటతో కొట్టి పరీక్షించుట వాడుక. జపానులోని కోచి పట్టణమున 1975లో దెబ్బయే లేని యంత్రము వెలువడినది. అది అంతకుముందు దిగిన గుంజలను పట్టుకొని, వాని పట్టునే ఆధారముగా చేసికొని, క్రొత్తగుంజను లోనికి నొక్కును. చప్పుడు లేదు, నొక్కిన బలమే ఎదురుశక్తిని చెప్పును. చప్పుడు స్వల్పవిషయము కాదు. ఐరోపా సముద్రములలో గాలి యంత్రములకొరకు గొప్ప ఇనుప గొట్టములను దిగగొట్టునప్పుడు ఆ ధ్వని నీటిలోని జంతువులను బాధింపకుండ, గుంజచుట్టు గాలిబుడగల తెరను నిలుపుచున్నారు.

ఈ పనిలో యంత్రము ప్రక్కను ఒక మనుష్యుడు పుస్తకము పట్టుకొని నిలుచుండును. గుంజ సంఖ్య, సమ్మెట బరువు, పడిన ఎత్తు, దెబ్బల లెక్క, కడపటి దిగుడు. ఇవి అతడు వ్రాయవలసినవి. సాయంకాలము అలసి, కొలవని గుంజకు ప్రక్కగుంజ అంకెనే వ్రాసినయెడల ఆ దినమున ఎవరును కనిపెట్టలేరు. మరునాడు గుంజ తల కాంక్రీటులో మునుగును. తరువాత దానిని చూచువారు ఉండరు. కాని నూరేండ్లపాటు ఆ వంతెన మీదుగా బండ్లు పోవును, బడిపిల్లలు నడతురు. వారి పాదముల క్రింద నున్నది ఆ పుస్తకములోని అంకెయే.